ఫ్యాన్లు ఆగిన అరగంట

ఉప్పల్‌కు మెట్రో వచ్చిన మరుసటి వేసవిలో నన్ను నాచారంలోని ఒక కోల్డ్ స్టోరేజీకి మెయింటెనెన్స్ ఇన్‌చార్జిగా వేశారు. నా కింద షిఫ్టు ఆపరేటర్లు, ఒక ఎలక్ట్రీషియన్. నా పైన ప్లాంటు మేనేజరు. నేను చేరేనాటికే ఫ్రీజర్ గది అధ్వానంగా ఉంది. నేల మీద మంచు పేరుకుని ట్రాలీలు జారుతున్నాయి. సరుకు దాచుకున్న చికెన్ కంపెనీవాళ్లు ఖాళీ చేసి పోతామంటున్నారు. స్టోర్‌మన్ అయిలయ్య తలుపు తెరిచి వదిలేయడం వల్లే ఇదంతా అని మేనేజరు తేల్చేశాడు. నెలాఖరుకు అతన్ని పనిలోంచి తీసేయాలన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. తలుపు వల్లయితే మంచు తలుపు దగ్గర కట్టాలి. ఇక్కడ ఫ్యాన్ల ఎదురుగా కట్టింది.

డీఫ్రాస్ట్ గురించి కాస్త చెప్పాలి. ఫ్రీజర్‌లో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, గది కన్నా చల్లగా ఉంటుంది కాబట్టి గాలిలోని తేమ దాని మీద తెల్లగా పేరుకుంటుంది. అది మందమైతే గాలి ఆడదు, కంప్రెసర్ ఎంత మొత్తుకున్నా గది చల్లబడదు. అందుకని రోజూ కొన్నిసార్లు ప్యానెల్‌లోని కంట్రోలర్ దానంతటదే కూలింగ్ ఆపి, ఫ్యాన్లు ఆపి, కాయిల్‌లోని హీటర్లు వేస్తుంది. ఫ్రీజర్‌లో హీటరేమిటని చాలామంది నవ్వుతారు. కరిగిన నీరు ట్రేలోకి దిగి పైపు గుండా బయటికి పోతుంది. హీటర్లు ఆగాక నీళ్లు కారిపోయేదాకా ఆగాలి, మిగిలిన తడి గడ్డకట్టేంతగా కాయిల్ చల్లబడాలి. ఆ తర్వాతే ఫ్యాన్లు తిరగాలి. తొందరపడితే తడి కాయిల్ మీది తుంపర్లు గదంతా ఎగిరిపడి గడ్డకడతాయి.

మా దగ్గర జరుగుతున్నది అదే. ప్యానెల్ తెరిస్తే, ఫ్యాన్లను ఆలస్యంగా తిప్పే రిలేను తప్పిస్తూ ఒక వైరు ముక్క బిగించి ఉంది. హీటర్లను ఎలాగూ ఆపలేం, ఆ తర్వాత ఫ్యాన్లు ఆగి ఉండే నిశ్శబ్దమైనా తగ్గించమని అయిలయ్య బతిమాలితే తనే బిగించానని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. అయిలయ్యను పిలిపించాను.

జనగామ వైపు మనిషి, యాభై దాటాయి. మల్లాపూర్‌లో ఒక్కడే గది తీసుకుని ఉండేవాడు. అంతకుముందు పనిచేసిన చోట, అతను ఫ్రీజర్ లోపల ఉండగా కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయట. తలుపు లోపలి పిడి మంచుకు బిగుసుకుపోయింది. షిఫ్టు మారి కొత్తగా వచ్చినవాళ్లకు లోపల మనిషున్న సంగతి చాలాసేపటిదాకా తెలియలేదు.

“ఫ్యాన్లు తిరుగుతుంటే ఎవరో తోడున్నట్టుంటది సార్. ఆగినయంటే, నేను లోపలున్నది అందరు మరిచిపోయిన్రనిపిస్తది,” అన్నాడు.

అప్పటికి నా భార్య పోయి ఏడాది. మా ఇంట్లో ఎవరూ చూడని టీవీ పొద్దస్తమానం మోగుతూ ఉండేది. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

వైరు తీసేయించి, డీఫ్రాస్ట్ వేళలను అతని భోజనానికీ చాయ్‌కీ కుదిరేటట్టు మార్చాను. ఒక్కటి మాత్రం లోడింగ్ మధ్యలో పడేది, అప్పుడతను బయటికి రాలేడు. ఆ సమయంలో ఆపరేటరు బయటి నుంచి స్పానరుతో తలుపు మీద కొట్టాలి, అయిలయ్య లోపలి నుంచి తిరిగి కొట్టాలి, ఫ్యాన్లు తిరిగేదాకా మధ్యమధ్య ఇలా సాగాలి అని ఆర్డరు వేశాను. ఇదేం ఆటయ్యా అని మేనేజరు వెక్కిరించాడు. కానీ ఉన్న మంచు గీకేశాక మళ్లీ కట్టలేదు. చికెన్ కంపెనీ పోలేదు. అయిలయ్య ఉద్యోగం నిలిచింది. ఆపరేటర్లు వేరే పనిలో ఉన్నారని చెప్పి చాలాసార్లు నేనే వెళ్లి కొట్టేవాణ్ని. నిజానికి ఆ వేళ కోసం ఎదురుచూసేవాణ్ని.

నా రిటైర్మెంట్ రోజున అయిలయ్య గేటు దాకా వచ్చాడు. “రేపటిసంది ఎవరు కొడ్తరు సార్ తలుపు?” అని అడిగాడు. ఆపరేటర్లకు గట్టిగా చెప్పాను, ఫికర్ పెట్టుకోవద్దన్నాను.

“నాకు గాదు సార్. మీకు,” అన్నాడు.

బస్సెక్కాను.

ఇప్పుడు ఉప్పల్‌లో, మధ్యాహ్నంపూట మా ఇంటి ఫ్రిజ్ ఉన్నట్టుండి మూగబోతుంది. డీఫ్రాస్టేనని నాకు తెలుసు. అయినా లేచి వంటింటి దాకా వెళ్లి, దాని తలుపు మీద వేళ్లతో కొట్టి వస్తాను. యంత్రానికి ఎంతసేపు ఆగాలో చెప్తే చాలు. లోపలున్న మనిషికి మాత్రం, ఆ కాసేపూ బయట ఒకరున్నారని తెలియాలి. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది.