దక్షిణం వైపు జాగా

మా అమ్మ బళేపేటలో గాజులమ్ముతుంది. నాన్న పోయినప్పుడు చేతుల గాజులు తీసెయ్యమని బంధువులు పట్టుబట్టారు. "బోడి చేతులతో గాజులెట్ల అమ్మేది?" అని ఒక్క మాటతో వాళ్ల నోళ్లు మూయించింది. ఇప్పటికీ రెండు చేతులకూ నిండుగా వేసుకుంటుంది. ఆ చప్పుడును బట్టి ఆమె ఏ మూల ఉందో తలెత్తకుండానే చెప్పగలను. మా ఇంట్లో అదేమంత గొప్ప విద్య కాదు.

కింద అంగడి, పైన రెండు గదులు. ఒకదాంట్లో తమ్ముడు, మరదలు, వాళ్ల ఇద్దరు పిల్లలు. రెండోదాంట్లో అమ్మ, నేను, పొయ్యి, గాజుల పెట్టెలు. నా పెళ్లి పెటాకులై ఇక్కడికి తిరిగొచ్చి చాలా ఏళ్లయింది. ఇంట్లో కూర్చుని కన్నడం నుంచి అనువాదాలు చేస్తాను. కూర్చుని అన్నానే గానీ, కాస్త కుదురుకునేలోపు ఎవరో ఒకరు నా వెనకున్న పెట్టె కోసం నన్ను లేపుతారు. ఏడవాలంటే స్నానాల గదికి పోవాలి, అక్కడా తలుపు తడతారు. అలాగని ఎవరూ చెడ్డవాళ్లు కారు. చెడ్డవాళ్లయితే కనీసం పోట్లాడుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని. బయట ఇల్లు తీసుకోవచ్చు కదా అంటారు స్నేహితులు. ఒంటరి ఆడదాన్ని ఇళ్లవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

నాకు కావలసింది మూసుకోవడానికి ఒక తలుపు. మేడ మీద దక్షిణం వైపు కాస్త జాగా ఉంది. అక్కడ నా సంపాదనతో చిన్న గది వేసుకుందామనుకున్నాను.

కానీ ఆ మేడ మాదొక్కరిదే కాదు. కొన్నేళ్ల కిందట మా సందులోని అంగళ్లవాళ్లు వాటాలు వేసుకుని సోలార్ సంఘం పెట్టుకున్నారు. చుట్టూ కాంప్లెక్సులు లేచాక నిండుగా ఎండ తగిలే మేడ మాదే మిగిలింది. కరెంటు తయారుచేసే సోలార్ పలకలు దాని మీద బిగించారు, బ్యాటరీలు మా మెట్ల కింద పెట్టారు. నీడ పడేలా ఏదీ కట్టనని అమ్మ మాటిచ్చింది. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు. అమ్మను అధ్యక్షురాలిని చేశారు. నాన్న ఉన్నన్నాళ్లూ గల్లాపెట్టె ముందు కూర్చోని మనిషి, సభలో లేచి మాట్లాడడం నేర్చుకుంది. మోరీ మురుగు నీళ్ల గొడవతో మొహాలు చూసుకోనివాళ్లు వంతులేసుకుని వచ్చి పలకలు తుడిచారు. పనయ్యాక కాఫీలు మా ఇంట్లోనే. సందు మొత్తం ఒక కుటుంబమైందని అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం ఉన్న కుటుంబమే ఎక్కువగా ఉంది.

ఒక ఆదివారం సాయంత్రం మేడ మీద సభలో నా గది సంగతి అడిగాను. ఎవరూ కసురుకోలేదు. జాకెట్లు కుట్టే అక్క కళ్లొత్తుకుంది.

"అప్పట్లో కరెంటు పోతే పెళ్లి జాకెట్లు మిషన్ మీదే నిలిచిపోతా ఉండె మా. ఇప్పుడు ఆ బాధ లేదు. ఒక్క పలక మీద నీడ పడినా ఆ వరుసంతా నీరసపడతాదంట. నీకు వద్దని చెప్పేకి నోరు రాలేదు, ఊ అనేకీ ధైర్యం లేదు."

"ఇంకేమన్నా అడుగు మా, చేస్తాము," అన్నాడు ఇనుప సామాన్ల అంగడాయన. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఓటు అడగాల్సిన అమ్మ వెనక వరుసలోకి పోయి కూర్చుంది. ఆయనే అన్నాడు, "గది వద్దనేటోళ్లు చెయ్యెత్తండప్పా."

నేను ముందు వరుసలో ఉన్నాను. వెనక్కి తిరగలేదు. చాలాసేపు ఎవరూ కదల్లేదు. కిటికీ ఎటువైపు పెట్టాలో కూడా అనుకున్నాను. అంతలో నా వెనక గాజులు గలగలమంటూ మణికట్టు నుంచి మోచేతి దాకా జారాయి. ఆ తర్వాత ఎన్ని చేతులు లేచాయో నేను చూడలేదు.

"నా బిడ్డ కోసం నేనే కట్టు తప్పితే, రేపు నా మాట ఎవరు వింటారు?" అంది అమ్మ కిందికి దిగాక. ఆమె అన్నది న్యాయమే. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే గదిలో పడుకునే మనిషితో మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో ఆ రోజుల్లో తెలిసింది. అలిగి పోవడానికి కూడా ఇంకో గది లేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ పలకల కిందే చాప పరుచుకుని పని చేసుకుంటున్నాను. ఇనుప కాళ్ల మీద నిలబెట్టారు కాబట్టి వాటి కింద కాస్త చోటుంది. పడుకోవచ్చు, కూర్చోవచ్చు. నిలబడితే తల తగులుతుంది. పగలంతా సందుకంతా వెలుగు నా నెత్తి మీద తయారవుతుంటుంది.

పొద్దు వాలే వేళకు అమ్మ కాఫీ తెస్తుంది. పలకల బయట నిలబడి, తలుపు లేదు కాబట్టి, చేతి గాజులు రెండుసార్లు మోగిస్తుంది. నేను ఊ అనేదాకా లోపలికి వంగదు. ఒక్కోరోజు కాఫీ చల్లారేదాకా నేను ఊ అనను.