ఎర్ర చుక్కల రాయి

ఈ రోజు అరకు లోయలో దొర సుత్తి దెబ్బకి ఒక నిలువురాయి పెచ్చు ఊడింది. కొండల్లో రాళ్లు పరీక్షించడానికి వచ్చిన ఈ దొరకి నేను దుబాసీని. రాయి నిండా దానిమ్మ గింజల్లాంటి ఎర్ర చుక్కలు. ఒకప్పటి ఒండ్రుమట్టే భూమి అడుగున వేడికీ బరువుకీ నలిగి నలిగి ఇలా మారిందని దొర మురిసిపోతూ చెప్పాడు. ఆ పెచ్చుని గోనెగుడ్డలో చుట్టి, ఎడ్లబండి మీద విశాఖపట్నం పంపేశాం.

సాయంత్రం ఒకామె కొండ దిగి వచ్చింది. "మా గుంట రాయి ఎవులు కొట్టినారు బాబూ?" అంది. మొన్నటి జ్వరాల్లో పోయిన కూతురి పేర నిలిపిన రాయట. పోయినవాళ్లు ఆ రాతిలోనే ఉంటారని వీళ్ల నమ్మకం.

"పొరపాటైపోయిందమ్మా. ఆ ముక్క బండెక్కి వెళ్లిపోయింది," అన్నాను.

ఆమె బండి వెళ్లిన దారికేసి కాసేపు చూసింది. "అయితే మిగిలింది కూడా అట్టుకెళ్లిపో బాబూ. సిన్న గుంట. రెండు సోట్ల ఉండనేదు," అంది.

"ఏమంటోంది?" అని దొర అడిగాడు. ఇంగ్లీషు వచ్చినందుకే నాకు జీతం. అయినా రేపు చెబుతానన్నాను. మీలో ఎవరికైనా చేతనైతే ఆ మాట తర్జుమా చేసి పెట్టండి. పొద్దున్నే దొరకి చెప్పాలి.