మెడ వరకే చాలు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా సగమే రాశాను. అప్పట్లో నేను అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పెదనాన్న ఇంట్లో ఉంటూ మొదటి ఉద్యోగం చేస్తున్నాను. నలుగురిలో నోరు విప్పాలంటే చెప్పాల్సిన వాక్యాన్ని ముందు మనసులో రాసుకుని, దిద్దుకుని, సాపు చేసుకునేదాన్ని (ఈలోగా వాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయేవారు). పెదనాన్న రిటైరైన మత్తు డాక్టరు. ఆయనకు రైఫిల్ పిచ్చి. శనివారాలు గరాజ్‌లో కూర్చుని, పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గుల్లలను, అంటే కేసులను, మళ్లీ మందూ గుండూ నింపి వాడకానికి సిద్ధం చేసేవారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, ఏ రోజు ఏం చేశామో రాసే నోట్‌బుక్ నాకు అప్పగించారు.

పేలినప్పుడు కేసు ఉబ్బుతుంది, అందుకని మళ్లీ సైజుకు తేవాలి. "ఒళ్లంతా నొక్కుదామా, మెడ వరకేనా? నువ్వు చెప్పమ్మా" అన్నారొకసారి. ఒళ్లంతా అంటే ఒక్కోదానికీ జిడ్డు పట్టించి, నొక్కి, తుడవాలి. వందమంది పిల్లలకు తలంటినట్టే. మెడ వరకే అయితే, అంటే గుండు కూర్చునే సన్నటి మూతిని మాత్రమే నొక్కితే, పని తక్కువ, పైగా కేసు తాను పేలిన తుపాకీకే చక్కగా అమరి ఉంటుంది. వేరే తుపాకీలో పట్టకపోవచ్చని పుస్తకంలో చదివి, ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాను. "మెడ వరకే చాలు పెదనాన్నా, మన రైఫిల్‌కే కదా" అన్నాను, అంతా తెలిసినదానిలా. (అసలు సంగతి, మేడమీద నవల సగంలో ఉంది.)

తర్వాతి వారం పోటీకి మాతోపాటు పక్కింటి టోపీ అంకుల్ కూడా వచ్చాడు. నెలాఖరుకి ఆయన భుజానికి ఆపరేషన్, ఆ తర్వాత ఇక రైఫిల్ పట్టేది లేదు. తీరా తన వంతు వచ్చేసరికి తూటాల డబ్బా ఇంట్లో మర్చిపోయానని నవ్వాడు. "సేమ్ కాలిబరే, నావి తీసుకో" అంటూ పెదనాన్న మా డబ్బా అందించారు. నేను వెనకే ఉన్నాను. నాకు తెలుసు. కానీ చుట్టూ ఎనిమిదిమంది కొత్తవాళ్లు. వాక్యం "అవి"తో మొదలుపెట్టాలా, "ఆ కేసులు"తోనా అని ఆలోచిస్తుండగానే ఆయన మొదటిది పెట్టాడు. తూటాని లోపలికి నెట్టి మూసే బోల్ట్ మూసుకోలేదు. రెండోది, మూడోది కూడా అంతే. టైమ్ అయిపోయింది. "ఏంటి డాక్, ఈసారి రైఫిల్‌కే మత్తిచ్చావా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. టోపీ అంకుల్ మాత్రం "ఇట్స్ ఓకే, డాక్" అని రైఫిల్‌ని నెమ్మదిగా సంచిలో పెట్టుకున్నాడు. పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి.

ఇప్పుడు మీటింగుల్లో అడక్కపోయినా మాట్లాడతాను (కాస్త ఎక్కువేనని టీమ్‌లో వాళ్ల అభిప్రాయం). ఒక్క ఇంటికే సరిపోయేలా తయారైన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది. ఆ రోజు కార్‌లో దారంతా వాక్యం సాపు చేసుకుంటూనే ఉన్నాను. మా వీధి మలుపులో చెప్పబోయాను, కళ్లలో నీళ్లు ముందొచ్చాయి. పెదనాన్న నా చెయ్యి తట్టి అన్నారు: "నువ్వెందుకమ్మా బాధపడతావు? మతిమరుపు నాది. నీకు గుర్తొచ్చుంటే చెప్పేదానివే కదా."