వీపు చూసి గుర్తుపట్టిన మనిషి

మొన్న మనవరాలి పెళ్లి వీడియో చూస్తుంటే, భోజనాల బంతిలో అటు తిరిగి కూర్చున్న ఒక ముసలావిడ కనబడింది. "ఎవరే ఆవిడ, మరీ అంత వంగిపోయి తింటోంది?" అన్నాను. ఇల్లంతా గొల్లుమంది. నేనేనట! ఇన్నేళ్లుగా మోస్తున్న నా వీపు నాకే తెలియలేదు. వాళ్లతో పాటు నవ్వాను గానీ, మా తోటికోడలు గుర్తొచ్చి ఆ వీడియో మళ్లీ పెట్టనివ్వలేదు.

నేను తెనాలి కాపురానికి వచ్చేసరికే బావగారు ఇల్లు విడిచి పదకొండేళ్లు. రేపల్లెలో రైలెక్కారు, అంతే, ఎక్కడ దిగారో దేవుడికే తెలియాలి. ఆయన్ని నేను చూడనే లేదు. తోటికోడల్ని అక్కయ్యా అనేదాన్ని; అక్కయ్య మాత్రం రోజూ ఇంత బొట్టు పెట్టుకుని "వస్తార్లే" అనేది. పన్నెండేళ్లు కనబడని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, కర్మ జరిపించడం మావాళ్ల ఆచారం. ఆ గడువు దగ్గరపడింది. మా వారు, ఒక్కగానొక్క తమ్ముడు, రోజు కూడా చూసి పెట్టారు.

అప్పుడే ఊళ్లోకి ఒక కత్తియుద్ధాల సినిమా వచ్చింది. రాజును బంధించి, అచ్చం అతని పోలికలే ఉన్న గుర్రాల వ్యాపారిని సింహాసనం ఎక్కిస్తారు. ఇద్దరూ ఒకే హీరో కదా, ఎదురెదురుగా నిలబడ్డప్పుడు మనకు వీపు చూపించేవాడు డూపు. మ్యాట్నీలో ఆ సీను రాగానే అక్కయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీ బావగారేనే!"

"వీపేగా అక్కయ్యా కనబడేది?"

"తొమ్మిదేళ్లు ఆ వీపు రుద్ది నీళ్లు పోశాను. నాకు తెలీదా ఏంటి?"

కర్మ ఆపమని అక్కయ్య బతిమాలగా బతిమాలగా మా వారు దిగొచ్చారు. "నేనూ చూస్తాను వదినా. అన్నయ్యేనని నాకనిపిస్తే కర్మ మాటెత్తను." అప్పటికే సినిమా తెనాలి నుంచి ఎత్తేసి బాపట్లలో వేశారు. పొన్నూరు మీదుగా బస్సులో ముగ్గురం వెళ్లాం.

ఆ సీను వచ్చింది. తెర ఒక్కసారి గెంతింది. రాజు కత్తి దూసి "ఎవరు నువ్వు?" అన్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. అటే చూస్తూ, జవాబు విన్నట్టు తలూపాడు. వీపు లేదు. ఫిల్ము తెగినచోట ఆ కాస్తా కోసేసి అతికిస్తారని ఆపరేటరు తర్వాత చెప్పాడు, నిజమే కావచ్చు. కానీ ఆ క్షణాన మా వెనక వరసలోంచి ఎవరో లేచి వెళ్లిన చప్పుడు నేను విన్నాను. తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

"వెళ్లిపోయారు," అంది అక్కయ్య.

ఆ నెలలోనే రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున బొమ్మను కాల్చారు. అక్కయ్య తన బొట్టు తనే తుడుచుకుంది. మా వారిని అడ్డుకోనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆరేళ్ల తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం, గడ్డం నెరిసిన మనిషి ఒకాయన వాకిట్లో నిలబడి అక్కయ్యను పేరు పెట్టి పిలిచాడు. అక్కయ్య వంటింట్లోంచి వచ్చింది. ఆయన మొహం చూడనే లేదు.

"ఒకసారి అటు తిరగండి."

తిరిగాడు. చాలాసేపు చూసింది.

"మీరు కాదండి. మా ఆయనకు కర్మ చేసేశాం."

ఆ మనిషి మరి ఇటు తిరగలేదు, అలాగే నడిచి వెళ్లిపోయాడు. నేను వీధిలోకి పరిగెత్తాను. ఎండలో వీధంతా ఖాళీ. లోపలికొచ్చేసరికి అక్కయ్య గోడకు చేరగిలబడి ఉంది. "ఆయనేనే," అంది. "ఏడ్చి ఏడ్చి ఇప్పటికి చంపుకున్నాను. మళ్లీ ఎక్కడ బతికించుకోను?"

కాలం మనుషుల్ని తీసుకుపోతుందని అందరూ ఏడుస్తారు. వేళ దాటాక తిరిగి తెచ్చిస్తుందేమోనని నా భయం.