బ్రేకుకి దండం

కొత్త అంబాసిడర్లు తయారవడం ఆగిపోయాక మా ఆయనకు పాత అంబాసిడర్ మీద మనసు పడింది. గజపతినగరంలో ఎవరిదో పశువుల పాకలో పడి ఉన్నదాన్ని ట్రాక్టరుకి కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. ఇంజను బాగుచేశాడు, సీట్లు కుట్టించాడు. బ్రేకులు మాత్రం పట్టలేదు.

మా తమ్ముడు సాలూరులో లారీలు తిప్పుతాడు. వాడొచ్చి చూసి తేల్చేశాడు.

"బావా, ఇది నడిపి ఎవుణ్ణి సంపుతావు? ఆదివారం సాయంత్రం వస్తాను. మీ ఈది దిగువలో బండి ఆగిందా, నీది. ఆగలేదా, తుక్కులోకి లాక్కుపోతాను."

మా ఆయన పౌరుషంగా సరే అనేశాడు. అన్నాక ఆయనకు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్నే నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. బ్రేకాయిలు గొట్టాల్లో గాలి చేరితే బ్రేకు పట్టదట. నేను బ్రేకు తొక్కి పట్టుకుంటే ఆయన చక్రం దగ్గర నట్టు వదులు చేస్తాడు, గాలి బయటికి పోతుంది. నట్టు బిగించి "వదులు" అనేదాకా నేను కాలు తియ్యకూడదు. కుట్టుమిషను తొక్కిన కాలికి ఇదో లెక్కా అనుకున్నాను.

ఆయన కారు కింద దూరాడు.

"తొక్కవే! తొక్కి పట్టు!"

"పట్టేను మావా!"

చక్రానికి తగిలించిన గొట్టంలోంచి సీసాలోకి బుడగలు. మళ్ళీ తొక్కు, మళ్ళీ పట్టు, మళ్ళీ బుడగలు. ఎండ నెత్తికెక్కింది. ఆయిలు అయిపోవస్తోంది గాని బుడగలు అవడం లేదు.

"ఇంత గాలెక్కడిదే? ఈ బండి పొట్టలో తుపానున్నాదేటి?"

"కిందనుంచి నువ్వే ఊదుతన్నావేమో సూసుకో!"

అరుగు మీద చింతపిక్కలు తీస్తున్న మా అత్త కల్పించుకుంది. "ఒరే, నీ పెళ్ళాం మాటిమాటికీ ముందుకి వంగుతన్నాది. కడుపునొప్పేటో సూడు."

ఆయన మసి ముఖం బయటపెట్టాడు. "ఎందుకే వంగడం?"

"దండానికి. పొద్దున్నే పసుపు రాసి, హారతిచ్చిన బండిని కాలితో తొక్కి ఊరుకుంటామేటి? తొక్కినప్పుడల్లా సెయ్యి తాకించి కళ్ళకద్దుకుంటన్నాను."

"అప్పుడు కాలు?"

"కాలు తీస్తేనే గదా సెయ్యందుతాది!"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను కాలు తీసినప్పుడల్లా వదులుగా ఉన్న నట్టులోంచి గాలి లోపలికి పోతోందట. ఆయన తీస్తున్న గాలిని నేను భక్తిగా వెనక్కి పెడుతున్నానన్నమాట.

"దండాలన్నీ ముందే పెట్టీయే తల్లీ! తొక్కుడు తర్వాత" అన్నాడు.

"అలాగ సెల్లుతాదా అత్తా?"

"సెల్లకేటి? కళ్ళంలో ఒక్కసారి దండం పెట్టీసి ధాన్యం తొక్కేవోలం. గింజగింజకీ పెడితే ఆయేడు బువ్వుండదు."

దిగి, కారు చుట్టూ తిరిగి దండాలు పెట్టాను. రేపటికి కూడా ఉంటాయని నాలుగు ఎక్కువే పెట్టాను. ఆ తర్వాత తొక్కి పట్టాక కాలు కదిపితే ఒట్టు. బుడగలు పలచబడ్డాయి, ఆగాయి. పాదం కింద బ్రేకు రాయిలా గట్టిపడింది.

సాయంత్రం తమ్ముడు తమలపాకులు నములుతూ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక. కారు వీధి దిగువలోకి జారింది, వేగం పుంజుకుంది. మా ఆయన తొక్కాడు. కారు ఎక్కడిదక్కడ ఆగింది. తమ్ముడి నోట్లో తమలపాకు మాత్రం ఆగలేదు, వాడి తెల్లచొక్కా మీద పడింది.

వాడు చొక్కా చూసుకున్నాడు, బావని చూశాడు.

"బావా, రామతీర్థం దాకా ఓపాలి ఎళ్ళొద్దామేటి?"

"ఎల్దాం. ముందు నువ్వు దిగి ఎనక్కెళ్ళి కూకోరా. ఆ సీటు తొక్కినోల్లది" అని వాణ్ణి దింపాను.