బెంచీలు లేని చర్చిలో ఆంటీ పాట

ఆంటీ పోయారని మంగళవారం ఉదయం ఆఫీసు రైల్లో ఉండగా వాట్సాప్‌లో తెలిసింది. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మా కింది ఫ్లాట్ ఆవిడది. గుంటూరు వైపు నుంచి వచ్చి వృద్ధుల కేర్‌హోమ్‌లో నర్సుగా పనిచేసేవారు. నేను పూజలు చేసుకునేవాణ్ణి, ఆవిడ ప్రార్థనల మనిషి. అయినా డ్యూటీ రోటాలో సెలవు పడిన ఆదివారాల్లో ఆవిడను చర్చికి తీసుకెళ్లే డ్రైవర్ని నేనే.

అలా ఒకసారి దారి తప్పి, పొలాల మధ్య ఉన్న పాత చర్చి దగ్గర ఆగాం. చుట్టూ ఊరు లేదు. వందల ఏళ్ల కిందటే ఖాళీ అయిపోయిందట. తాళంచెవి ఉంచుకున్న రైతు తలుపు తీశాడు. లోపల బెంచీలు కూడా లేవు.

"ఇంత మంచి మందిరం, పాట లేకుండా పడుందేంటి బాబూ?" అన్నారు ఆంటీ, గోడ నిమురుతూ.

ఎవరూ వాడటం లేదు కాబట్టి చలికాలం దాటాక పూర్తిగా మూసేస్తున్నారని రైతు చెప్పాడు. ఆంటీ మొహం చూసి, ఇక నా ఆదివారాలు పోయినట్టేననుకున్నాను.

పోయాయి. చర్చి బాగోగులు చూసే కమిటీ పెద్దావిడ చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. క్రిస్మస్ ఆరాధనకు ఒక్క రోజు ఇమ్మని ఆంటీ అడగడం, సీట్లు లేనిచోట ఆరాధన ఎలాగని పెద్దావిడ అనడం. నాలుగోసారి ఆంటీ ఇంగ్లిష్ వదిలేసి నావైపు తిరిగారు.

"మా ఊళ్లో కుర్చీలో కూర్చునేది పాస్టరుగారొక్కరేనని చెప్పు బాబూ. మిగతా అందరం కిందే."

చెప్పాను. పెద్దావిడ ఒక్క రోజు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

వెంబ్లీలోని ఇండియన్ షాపుల నుంచి చాపలు తెచ్చాం. ఆరాధన రోజున నలభైమంది తెలుగువాళ్లం గుమ్మం బయటే చెప్పులు విడిచాం. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చున్నాం. రైతు ఆ చెప్పుల వరస చూసి తన బూట్లు కూడా విప్పేశాడు. సాక్సుకు చిల్లు ఉన్నా పట్టించుకోలేదు. పెద్దావిడ కూడా చాప మీదే కూర్చున్నారు. లేవడానికి మాత్రం ఆంటీతో పనిచేసే ఇద్దరు నర్సులు పట్టాల్సి వచ్చింది. లేచాక ఆవిడ అడిగింది ఒకటే, వచ్చే ఏడాది ఏ రోజు పెట్టుకుందామని.

"గెలిచాం ఆంటీ" అన్నాను కారులో.

"ఇంకో పది చాపలు కావాలి" అన్నారు ఆవిడ.

ఆ చర్చి మూతపడలేదు. ఆవిడ వీడ్కోలు ఆరాధన మొన్న శనివారం అక్కడే జరిగింది. వచ్చినవాళ్లు లోపల పట్టక గడ్డిలో నిలబడ్డారు. కమిటీ పెద్దావిడ ఆంటీ పాడే తెలుగు పాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకొచ్చి, తప్పుల్తోనే గట్టిగా పాడారు. ఏనాడూ పాటకు నోరు విప్పని నేనూ పాడాను. ఏడుపు వచ్చింది కానీ, అందులో గర్వమే ఎక్కువ. గట్టు అవతల మేస్తున్న గొర్రెలు తలలెత్తి, మేత మానేసి, పాట అయ్యేదాకా మావైపే చూస్తూ నిలబడ్డాయి.