పంతులమ్మ బొక్కెన

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో నీళ్లంటే బావి నీళ్లే. ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న చోట అప్పుడు ద్రాక్షతోటలుండేవి. మా ఇంటి వెనక తోటలో పెద్ద మోటబావి ఒకటుండేది. చుట్టుపక్కల మగపిల్లలందరికీ వీపుకు బెండ్లు కట్టి అందులో ఈత నేర్పింది మా చిన్నాయనే. నాకు మాత్రం నేర్పలేదు. ఆడపిల్ల బావిలో దిగుతానంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. గట్టున కూర్చుని చూసేదాన్ని. ఆ ఉక్రోషం నాకింకా కొంచెం మిగిలే ఉంది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైంది. చిన్నాయన కాలేజీ మానేసి ఊరేగింపుల్లో తిరిగాడు. ఒకరోజు మూసారాంబాగ్ దగ్గర పోలీసుల లాఠీలకు జనం చెల్లాచెదురైతే ఎవరిదో ప్రహరీ దూకబోయి రాళ్ల మీద పడ్డాడు. మోకాలి చిప్ప ముక్కలైంది. దవాఖానలో ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. మూడు నెలలు మంచం మీదే ఉన్నాడు. కట్టు విప్పాక కాలు సగం వరకే వంగేది. నీళ్లలో ఆడిస్తే కొంత నయమవుతుందని డాక్టరు చెప్పినా వినిపించుకోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు, ఒక్కోసారి అన్నం పళ్లెం తోసేసేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ గట్టిగా నవ్విన గుర్తు లేదు.

మా ఇంటి ముందు గదుల్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక పంతులమ్మ కిరాయికి ఉండేది. ఒంటరి మనిషి. పండుగ పూట మాకు పులిహోర పంపేది. ఉద్యమం ముదిరాక ఆమెతో మా ఇంట్లో మాటలు బందయ్యాయి. చిన్నాయనైతే మంచంలోంచే ఆమెకు వినబడేటట్టు అరిచాడు. "మా నౌకరీలు గుంజుకున్నది సాలదా, మా ఇంట్ల గూడ ఉంటరా? ఖాళీ చెయ్యమను." ఆమె నెలాఖరుకు వెళ్లిపోతానని మా నాయనమ్మకు కబురు పంపింది.

అప్పటికి బడులన్నీ మూతపడి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం మావాళ్లంతా, ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు, చుట్టాల ఇంట్లో దినాలకు వెళ్లారు. చిన్నాయన నన్ను పిలిచి, "బెండ్లు తీస్కరా బిడ్డా, ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. పిల్లలకు కట్టే బెండ్లను ఆయన వీపుకు నేనే కట్టాను. ముడి వేస్తున్నంతసేపూ ఆయన నా మొహం చూడలేదు.

బావి గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్లే మెట్లు. ఒక్కో రాయి మీద కూర్చుంటూ, చేతులతో జరుగుతూ దిగి, నీళ్లలోకి జారాడు. కాసేపు బాగానే ఆడాడు. తిరిగి ఎక్కబోతే మోకాలు వంగలేదు. పాచి పట్టిన రాయి మీద చేతులు నిలవలేదు. దిగడం గురించి అంత ఆలోచించినవాళ్లం, ఎక్కడం సంగతి ఇద్దరికీ తట్టనే లేదు. మూడు నాలుగుసార్లు జారిపడి, చివరికి రాయి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎవరినైనా పిలుస్తానంటే, "వద్దు. పిలిస్తే నా మీద ఒట్టే" అన్నాడు. ఆ గొంతు వింటే నాకు భయం వేసింది. పైకి రావాలన్న ఆశ అందులో లేదు.

ఒట్టు తప్పితే మనిషి చచ్చిపోతాడని నమ్మే వయసు నాది. తప్పకపోయినా చచ్చిపోయేటట్టున్నాడు. పరుగెత్తి వెళ్లి పంతులమ్మ గుమ్మంలో నిలబడ్డాను. నోరు విప్పకుండా, ఏడుస్తూ బావి వైపు వేలు చూపించాను.

ఆమె గట్టు చాటునుంచి ఒక్కసారి తొంగిచూసి, వెనక్కి వెళ్లి తన ఇనుప బొక్కెనా, తాడూ తెచ్చింది. నా కళ్ల ముందే ముడి విప్పి, చిన్నాయనకు దూరంగా రెండో వైపున బొక్కెనను బావిలోకి వదిలేసింది. అప్పుడే వచ్చినట్టు వంగి, "బాబూ, నా బొక్కెన జారిపోయిందయ్యా. ఎలాగూ లోపలే ఉన్నావు కదా, కాస్త తీసిపెడతావా?" అంది.

చిన్నాయన బెండ్లు విప్పేశాడు. అవి ఉంటే మునగడం కుదరదు. రెండుసార్లు మునిగి ఉత్త చేతులతో, దగ్గుతూ తేలాడు. మూడోసారి బొక్కెనతో వచ్చాడు.

పంతులమ్మ మోట గిలక నిలబెట్టిన రాతిస్తంభానికి తాడు కట్టి కిందికి వదిలింది. "లాగుతుంటే మళ్లీ జారితే కష్టం. ఈ తాడు పట్టుకుని నువ్వే తెచ్చివ్వు నాయనా" అంది. బొక్కెన మోచేతికి తగిలించుకుని, మంచి కాలు రాయి మీద ఆనించి, చేతుల బలంతో ఒక్కో మెట్టే ఎక్కాడు. ఆయన ఎక్కుతున్నంతసేపూ ఆమె ద్రాక్షతోట వైపు తిరిగి నిలబడింది. బొక్కెన అందుకుని, "బతికించావు బాబూ" అని లోపలికి వెళ్లిపోయింది.

నెలాఖరుకు సామాను రిక్షాలో వేసుకుని వెళ్లింది. చిన్నాయన గదిలోంచి బయటికి రాలేదు. స్తంభానికి తాడు కట్టుకుని రోజూ ఈదేవాడు, కానీ ఆ కాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. చదువు సాగలేదు, ఏ పనిలోనూ నిలవలేదు. పంతులమ్మ బొక్కెనను తాను ఒంటికాలితో తీసిన కథ మాత్రం జీవితమంతా చెప్పుకున్నాడు. పోయే ముందు దవాఖానలో నర్సుకు కూడా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. అసలు సంగతి ఆయనకు చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, చెప్పలేదు.

మంచాన పడ్డవాళ్లను చూడటానికి వెళితే ఇప్పటికీ వాళ్లకు ఏదో ఒక చిన్న పని అప్పజెప్పి వస్తాను. ఈ తెలివి ఎవరు నేర్పారని మా మనవరాలు అడిగింది. ఆంధ్రా పంతులమ్మ అన్నాను. పేరేంటంది. అన్నాళ్లు మా ఇంట్లో ఉన్నా ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు.